మదురై డాక్టర్ వెంకటస్వామి: ‘చౌక ఆపరేషన్’ అనే మాట వెనక అసలు ఏముంది?

పుస్తకాల_పురుగు
అరవింద్ కంటి ఆసుపత్రి వ్యవస్థాపకుడు డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి గారి మీద తెలుగులో కనబడే పోస్టులన్నీ ఒకే అచ్చులో ఉంటున్నాయి. వేళ్లు వంకరపోయినా లక్ష ఆపరేషన్లు చేశారు, బర్గర్లమ్మే మెక్‌డొనాల్డ్స్ చూసి ఐడియా వచ్చింది, పేదలకు ఉచితం. అక్కడితో అయిపోతుంది. అసలు ప్రశ్నలు అలాగే మిగిలిపోతున్నాయి. ఆ వేళ్లతో కంటి మీద కత్తి ఎలా పట్టారు? ఒక్క డాక్టరు రోజుకు అన్ని కళ్లు ఎలా చేయగలడు? సగానికి సగం మందికి డబ్బు తీసుకోకపోతే ఆసుపత్రి ఎలా నిలబడింది? లోపలి పని తెలిసినవాళ్లు రాయండి. పొగడ్తలు ఇప్పటికే బోలెడున్నాయి.

పాతకాగితాలు
ముందు తారీఖులు. పుట్టింది 1918 అక్టోబర్ 1, దక్షిణ తమిళనాడులోని వడమలాపురంలో, రైతు కుటుంబంలో. మదురై అమెరికన్ కాలేజీలో 1938లో కెమిస్ట్రీ డిగ్రీ, మద్రాసు స్టాన్లీ మెడికల్ కాలేజీలో 1944లో వైద్య పట్టా, 1945లో ఆర్మీ మెడికల్ కోర్. బంధువుల అమ్మాయిలు ముగ్గురు గర్భంతో ఉండగా చనిపోవడంతో కాన్పుల డాక్టరు కావాలనుకున్నారు. ఇంతలో కీళ్లవాతం, రుమటాయిడ్ ఆర్థరైటిస్, తీవ్రంగా పట్టుకుంది. 1948లో సైన్యం నుంచి పంపేశారు. ఏడాదికి పైగా మంచానికే పరిమితం. లేచాక కాన్పుల ఆశ వదులుకుని కంటి వైద్యం వైపు తిరిగారు. 1951లో డిప్లొమా, 1954లో ఎం.ఎస్. 1956 నుంచి మదురై మెడికల్ కాలేజీలో నేత్ర విభాగాధిపతి, ఎర్స్‌కిన్ ప్రభుత్వాసుపత్రిలో సర్జన్.

ఇక్కడ చాలామంది తలకిందులుగా రాసే విషయం ఒకటుంది. పద్మశ్రీ వచ్చింది 1973లో. అరవింద్ మొదలైంది 1976లో, రిటైరయ్యాక. అంటే ఆ గౌరవం ప్రభుత్వోద్యోగంలో చేసిన పనికి దక్కింది. పల్లెల్లో కంటి శిబిరాలు, చూపు పోయినవారికి పునరావాసం, విటమిన్ ఎ లోపంతో గుడ్డివాళ్లయ్యే పిల్లల కోసం పోషకాహార కేంద్రం, అన్నీ ఆ ఇరవై ఏళ్లలోనివే. 11 పడకల అరవింద్ ఆ అనుభవం మీద కట్టిన రెండో అంతస్తు. 2006 జూలై 7న మదురైలోనే కన్నుమూశారు.

కార్నియా_కబుర్లు
వేళ్ల ప్రశ్నకు నేను. కాన్పు పట్టకారు లాగాలంటే పిడికిలి బలం కావాలి. కంటి సర్జరీకి బలం అక్కర్లేదు. మణికట్టు రోగి నుదుటి మీద ఆనించి, రెండు మూడు వేళ్ల కొసలతో మిల్లీమీటర్లలో కదలాలి. వెంకటస్వామి గారు తన పట్టుకు తగ్గట్టు పరికరాలు ప్రత్యేకంగా చేయించుకున్నారు. వేళ్లు వంగకపోతే పరికరం పిడి మందం, కోణం మారాలి, అంతే. రోజుకు వంద ఆపరేషన్లు చేసిన రోజులూ ఆయనకు ఉన్నాయంటారు. కానీ నా దృష్టిలో ఆయన గొప్పతనం ఆ లక్ష అంకెలో లేదు. తను లేకపోయినా ఆగని పని నిర్మించడంలో ఉంది.

ఆయన మొదలుపెట్టినప్పటి శుక్లం ఆపరేషన్ వేరు. శుక్లం పట్టిన లెన్సును దాని చుట్టూ ఉండే పలచటి సంచితో సహా మొత్తం బయటికి తీసేవారు, గడ్డకట్టించే క్రయో కడ్డీకి అతికించి. గాటు సుమారు 10–12 మిల్లీమీటర్లు, పైన కుట్లు. లెన్సు పోయింది కాబట్టి దాదాపు +10 పవరుతో సోడాబుడ్డి కళ్లద్దాలు. వాటితో బొమ్మ పాతిక నుంచి ముప్పై శాతం పెద్దదిగా కనబడుతుంది, అంచుల్లో వలయంలాగా ఒక భాగం అసలు కనబడదు, మెట్టు ఎక్కడుందో అంచనా తప్పుతుంది. రెండో కన్ను మామూలుగా ఉంటే రెండు బొమ్మలూ కలవవు. అద్దాలు పగిలాయంటే మనిషి మళ్లీ గుడ్డివాడే. ‘పొర పండాలి, అప్పుడే తీయాలి’ అని మన ఊళ్లలో ఇప్పటికీ అనే మాట ఆ కాలానిదే. ఇప్పుడు అలా ఆగడం వల్ల నష్టమే. లెన్సు నడిమి గింజ రాయిలా గట్టిపడుతుంది, కొందరిలో లెన్సు ఉబ్బి కంటి ఒత్తిడి పెరుగుతుంది, ఆపరేషన్ కష్టమవుతుంది.

లెక్కలపద్దు
కార్నియా గారు చెప్పిన సోడాబుడ్డి అద్దాల దగ్గరే డబ్బు కథ కూడా మొదలవుతుంది. పరిష్కారం కంట్లోనే లెన్సు పెట్టడం. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మొదటిసారి చేశారు. కానీ ఎనభైల చివర్లో దిగుమతి లెన్సు ఒక్కోటి దాదాపు 100 డాలర్లు. ఉచిత రోగికి అది పెట్టే దారి లేదు. దాంతో ఒకే ఆసుపత్రిలో డబ్బున్నవారికి లెన్సు, లేనివారికి సోడాబుడ్డి అద్దాలు అయ్యే పరిస్థితి. అమెరికా స్వచ్ఛంద సంస్థ సేవా ఫౌండేషన్, అక్కడి సామాజిక వ్యాపారవేత్త డేవిడ్ గ్రీన్ సాయంతో 1992లో ఆరోలాబ్ పెట్టి లెన్సులు మదురైలోనే తయారుచేశారు. ధర 10 డాలర్ల దగ్గర మొదలై తర్వాత ఇంకా దిగింది. మెక్‌డొనాల్డ్స్ కథ కన్నా ఈ ఫ్యాక్టరీ కథే ముఖ్యమని నా అభిప్రాయం.

పుస్తకాల_పురుగు
లెన్సు తయారీలో అంత కష్టం ఏముంది సర్? దానికి వాడే పి.ఎం.ఎం.ఎ. అంటే ప్లాస్టిక్కే కదా?

లేతు_మిషను
ప్లాస్టిక్కే, కానీ వైద్యానికి వాడే శుద్ధమైన రకం. దాన్ని కంప్యూటర్ నడిపే లేతు మీద చెక్కాలి. మధ్య గుండ్రటి భాగం సుమారు 6 మిల్లీమీటర్లు, రెండు కొక్కేలతో కలిపి మొత్తం 12.5–13. చెక్కాక అంచులు పదునుగా ఉంటాయి, అలాగే పెడితే కనుపాపను గీరి వాపు తెస్తుంది. అందుకే గాజు పూసలతో డ్రమ్ములో గంటల తరబడి దొర్లిస్తారు. తర్వాత ఒక్కో లెన్సుకూ పవరు కొలత, మైక్రోస్కోప్ కింద గీతల పరీక్ష.

స్టెరిలైజేషన్ ఇంకో గండం. పి.ఎం.ఎం.ఎ. ఆవిరి వేడికి ఆకారం మారుతుంది, ఆటోక్లేవ్ కుదరదు. ఎథిలీన్ ఆక్సైడ్ వాయువు వాడాలి, ఆ వాయువు పూర్తిగా బయటికి పోయేదాకా గాలి ఆడించాలి. తొందరపడితే మిగిలిపోయిన రసాయనం కంట్లో మంట పుట్టిస్తుంది. వస్తువు చౌక కావడం తేలిక, ప్రతి పెట్టెలో ఒకేలా రావడం కష్టం. ఆరోలాబ్ తర్వాత కుట్టుదారాలు, బ్లేడ్లు, కంటిచుక్కలు కూడా మొదలుపెట్టింది. ఎగుమతులు వందకు పైగా దేశాలకు.

కార్నియా_కబుర్లు
చౌక లెన్సు పేదవాడి కంట్లో పెట్టడం సురక్షితమేనా అనే అనుమానం అప్పట్లో గట్టిగానే ఉండేది. దాన్ని వాదనలతో తేల్చలేదు. రెండు కళ్లకూ చూపు పోయిన 3400 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పాత ఆపరేషన్, కళ్లద్దాలు, రెండో జట్టుకు సంచి ఉంచి లోపల లెన్సు పెట్టి పోల్చారు. మదురై ఇంట్రాఆక్యులర్ లెన్స్ స్టడీ పేరుతో 1998లో ఫలితాలు వచ్చాయి. లెన్సు జట్టుదే పైచేయి.

తర్వాతి మెట్టు చిన్న గాటుతో, చేత్తోనే చేసే కుట్లు లేని ఆపరేషన్, ఎం.ఎస్.ఐ.సి.ఎస్. శుక్లాన్ని ధ్వని తరంగాలతో పగలగొట్టి పీల్చే ఫేకో మిషను ఖరీదు, గట్టిపడిన శుక్లాలకు ఎక్కువ శక్తి వాడాలి. ఇక్కడ మిషనే అక్కర్లేదు. వరస ఇలా ఉంటుంది. కంటి చుట్టూ మత్తు సూది, లిగ్నోకెయిన్, బుపివకెయిన్, హయలురోనిడేజ్ కలిపి. పైపొర తెరిచి, తెల్లగుడ్డు మీద కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) అంచుకు సుమారు 2 మిల్లీమీటర్ల వెనక, 6 నుంచి 7 మిల్లీమీటర్ల గాటు, మూతి విరిచినట్టు వంపుతో. లోతు తెల్లగుడ్డు మందంలో సగం. అక్కడి నుంచి నెలవంక బ్లేడుతో పొరల మధ్యే సొరంగం తవ్వుతూ కార్నియాలోకి ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర దాకా. లోపలి ద్వారం బయటి దానికన్నా వెడల్పు ఉండాలి. ట్రైపాన్ బ్లూతో సంచి ముందు పొరకు రంగు, గుండ్రంగా చించడం, నీటితో గింజను విడదీయడం, దాన్ని కార్నియా వెనకున్న ముందు గదిలోకి తిప్పి తేవడం, పైన కిందా విస్కోఎలాస్టిక్ జెల్ పెట్టి వెక్టిస్ గరిటెతో బయటికి. మిగిలిన గుజ్జు సిమ్‌కో కాన్యులా అనే సన్న గొట్టంతో పీల్చి లెన్సు సంచిలో కూర్చోబెడతారు. జెల్ మొత్తం కడిగేయాలి, మిగిలితే ఆ రాత్రి కంటి ఒత్తిడి పెరిగి నొప్పి. లోపలి ఒత్తిడికి సొరంగం తనంతట తానే మూసుకుంటుంది.

ఎక్కడ చెడుతుందంటే, సొరంగం పైపొరలో నడిస్తే కప్పు చిరిగి కన్నం పడుతుంది. మరీ లోతుగా పోతే ముందుగానే కంట్లోకి దిగి కనుపాప బయటికి తోసుకొస్తుంది. రెండు తప్పులకూ మందు ఒకటే, అక్కడ ఆపి పక్కన కొత్త లోతులో మొదలుపెట్టాలి, మొండికేసి అదే దారిలో పోకూడదు. ద్వారం ఇరుకైతే గింజ కార్నియా లోపలి కణాలను రాసుకుంటుంది. ఆ కణాలు తిరిగి పుట్టవు, మర్నాడు నల్లగుడ్డు మసకగా ఉబ్బుతుంది. అన్నిటికన్నా భయపడేది సంచి వెనక పొర చినగడం. కంటి వెనక భాగంలో నిండి ఉండే జిగురు ద్రవం ముందుకొస్తే దాన్ని లాగకుండా కోసి శుభ్రం చేయాలి, లాగితే రెటీనా చిరుగుతుంది.

ఓటీ_వెలుగు
ఇంత పని నాలుగైదు నిమిషాల్లో ఎలా అవుతుందని అడుగుతారు. సర్జన్ చేతివేగం అందులో ఒక భాగమే. ఒక్కో సర్జన్‌కు రెండు బల్లలు, మధ్యలో అటూ ఇటూ తిరిగే మైక్రోస్కోప్. ఒక బల్ల మీద ఆపరేషన్ జరుగుతుండగా రెండో బల్ల మీద రోగిని పడుకోబెట్టి, కన్ను శుభ్రం చేసి, గుడ్డ కప్పి, ట్రే సర్ది ఉంచుతారు. మత్తు సూది బయటి గదిలోనే అయిపోతుంది. మొదటిది అయ్యేసరికి సర్జన్ గ్లవ్స్ శుభ్రం చేసుకుని తిరుగుతారు. డాక్టరు ఖాళీగా నిలబడే నిమిషం ఉండదు. ఒక్కో బల్లకు ఒక స్క్రబ్ సిస్టర్, అందించడానికి, పరికరాలు తిప్పడానికి ఇంకొకరు. పరికరాల సెట్లు ఐదారు ఉంటే గానీ ఆవిరి మిషను తిరిగి వచ్చేలోపు పని ఆగకుండా ఉండదు. ఈ పద్ధతి చూసి వెళ్లి రెండు బల్లలు వేసి, సెట్లు మాత్రం రెండే కొనే ఆసుపత్రులున్నాయి. అక్కడ పని స్టెరిలైజర్ దగ్గర ఆగిపోతుంది.

అన్నిటికన్నా పెద్ద మార్పు మనుషుల్లో. ఇంటర్ దాకా చదివిన పల్లెటూరి ఆడపిల్లలను తీసుకుని రెండేళ్లు శిక్షణ ఇస్తారు. కొందరు చూపు పరీక్షలో, కొందరు ఓటీలో (ఆపరేషన్ థియేటర్), కొందరు వార్డులో, కొందరు రోగితో మాట్లాడే కౌన్సెలింగ్‌లో. ఎవరికి వారు తమ పనిలోనే ఆరితేరతారు. డాక్టరు తప్ప ఇంకొకరు చేయగలిగిన పని డాక్టరు చేయకూడదు, ఇదీ సూత్రం. సర్జన్‌కు ఏడాదికి సుమారు 2000 ఆపరేషన్లు పడుతున్నాయంటే దానికి పునాది ఈ అమ్మాయిలే.

శంకరాభరణం_మూర్తి
అంతా బాగుంది కానీ అండీ, ఇలా వరసలో కళ్లు చేస్తే ఇన్ఫెక్షన్ల సంగతేమిటి? శిబిరాల్లో చూపు పోయిన వార్తలు ఎన్ని చదవలేదు? ఒకే గదిలో రెండు బల్లలు, గ్లవ్స్ కడుక్కోవడం, పాశ్చాత్య నిబంధనల ప్రకారం అయితే ఇవేవీ ఒప్పుకోరు.

కార్నియా_కబుర్లు
సరైన ప్రశ్న, మూర్తి గారూ. రెండు విషయాలు కలపొద్దు. వార్తల్లోకి వచ్చే ఘోరాల్లో చాలావాటి వెనక ఉండేది ఒక కలుషితమైన సీసా. కంట్లోకి పోసే సెలైన్, రింగర్ ద్రవం, లేదా విస్కోఎలాస్టిక్ ఒక బ్యాచ్ చెడితే ఆ రోజు బల్ల మీదకొచ్చిన కళ్లన్నీ ప్రమాదంలో పడతాయి. వేగం కాదు కారణం. అందుకే ప్రతి బాటిల్ బ్యాచ్ నంబర్ ఏ రోగికి వాడారో రిజిస్టర్‌లో ఉండాలి. మొదటి రోజు రెండు కళ్లలో చీము కనబడిన క్షణం ఓటీ మూసేసి ఆ బ్యాచ్ పక్కన పెట్టాలి.

రెండోది, శిబిరంలో పరీక్ష మాత్రమే, ఆపరేషన్ ఆసుపత్రిలోనే. గుడారాల కింద, బడిగదుల్లో కోసే అలవాటును పూర్తిగా వదిలేయడం పెద్ద నిర్ణయం. బస్సులో మదురైకి తీసుకొచ్చి, భోజనం, బస, ఆపరేషన్, మందులు ఇచ్చి మళ్లీ దింపుతారు.

లెక్క కావాలంటే ఇదీ: ఆపరేషన్ చివర్లో కంట్లో 0.1 మిల్లీలీటరు మాక్సీఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్, అంటే 0.5 మిల్లీగ్రాము, ఇవ్వడం మొదలుపెట్టాక అరవింద్‌లో ఆరు లక్షలకు పైగా కళ్లను పరిశీలించిన అధ్యయనం 2017లో వచ్చింది. లోపలి ఇన్ఫెక్షన్ 0.07 శాతం నుంచి 0.02కి దిగింది. మొదటి అంకె కూడా పాశ్చాత్య ఆసుపత్రులతో పోల్చదగ్గదే. ఇంకోటి, బ్రిటన్‌లో ఒక ఫేకో ఆపరేషన్‌కు సుమారు 180 కిలోల కార్బన్ ఉద్గారం అని లెక్కగట్టారు. అరవింద్‌లో సుమారు 6 కిలోలు. వాడి పారేయకుండా మళ్లీ స్టెరిలైజ్ చేసి వాడటమే ప్రధాన కారణం. ఇప్పుడు పాశ్చాత్యులే అరవింద్ నిబంధనలు చదువుతున్నారు.

లెక్కలపద్దు
ఇప్పుడు డబ్బు. మైక్రోస్కోప్, భవనం, జీతాలు రోజుకు ఐదు కళ్లు చేసినా నలభై చేసినా దాదాపు అంతే. కళ్లు పెరిగేకొద్దీ ఒక్కో కంటి మీద పడే భారం తగ్గుతుంది. డబ్బు చెల్లించే రోగి బయటి మార్కెట్ ధర కన్నా తక్కువే ఇస్తాడు. అయినా ఆ మిగులుతో ఇంకొకరికి ఉచితంగా చేయొచ్చు. దాదాపు సగం, కొన్నేళ్లలో అంతకు మించి, ఉచితం లేదా నామమాత్రం.

ఇక్కడ రెండు కిటుకులున్నాయి. ఒకటి, ఆదాయ ధ్రువపత్రం అడగరు. ఏ తలుపులోంచి వెళ్లాలో రోగే తేల్చుకుంటాడు. డబ్బున్నవాడు ఉచితంలో దూరడా అంటే, తేడా గదిలో ఉంటుంది: ఇటు మంచం, విడి గది, ఏసీ, అటు చాప, పెద్ద హాలు. సర్జన్లు మాత్రం వంతులవారీగా రెండు వైపులా పనిచేస్తారు. రెండోది, చందాల మీద రోజువారీ ఖర్చు నడపలేదు. మొదట్లో బ్యాంకులు అప్పివ్వకపోతే ఇల్లు తాకట్టు పెట్టారు, కుటుంబంలోవారి నగలు పోయాయి. చెల్లెలు డాక్టర్ నాచియార్, ఆవిడ భర్త డాక్టర్ నంపెరుమాళ్‌సామి ప్రభుత్వోద్యోగాలు వదిలి చేరారు. తమ్ముడు శ్రీనివాసన్ కట్టడాలు, ఖాతాలు చూశారు. డబ్బు వచ్చినకొద్దీ అంతస్తు మీద అంతస్తు. శిబిరం రోగులకు ప్రభుత్వ అంధత్వ నివారణ పథకం కింద వచ్చే గ్రాంటు కూడా ఉంది, దాన్ని దాచక్కర్లేదు.

శంకరాభరణం_మూర్తి
అంటే చివరికి ఇది కుటుంబం చేసిన త్యాగం, దాన్ని ‘మోడల్’ అని బిజినెస్ స్కూళ్లలో చెబితే ఎలా? జీతం తక్కువకు పనిచేసే తోబుట్టువులు ప్రతి ఊళ్లో దొరకరు.

లెక్కలపద్దు
మొదటి పదిహేనేళ్ల వరకు మీ మాట ఒప్పుకుంటాను. ఆ తర్వాత కాదు. 1992లో అరవింద్ పెట్టిన లైకో శిక్షణ సంస్థ బయటి ఆసుపత్రులకు నేర్పేది ఆధ్యాత్మికత కాదు, రోజువారీ పట్టికలు: రేపు ఏ శిబిరం నుంచి ఎంతమంది వస్తారు, ఎన్ని పడకలు, ఎన్ని లెన్సులు, ఏ పవర్లు. వెంకటస్వామి గారు యోగి శ్రీ అరవిందుల భక్తుడు, ఆసుపత్రికి పెట్టిందే ఆ యోగి పేరు. కానీ ఆ పట్టిక నింపడానికి భక్తి అవసరం లేదు.

చూపుగుడ్డు_ఆప్టో
పవర్ల మాట వచ్చింది కాబట్టి. ఆపరేషన్ ఎంత బాగా చేసినా లెన్సు పవరు తప్పితే రోగికి చూపు రాదు. పవరు లెక్కగట్టే పాత ఎస్.ఆర్.కె. సూత్రం (‘ఎ’ ఒక్కో లెన్సు రకానికి ఉండే అంకె): పవరు = ఎ స్థిరాంకం − 2.5 × కంటి పొడవు − 0.9 × కార్నియా వంపు. ఎ 118.4, పొడవు 23 మిల్లీమీటర్లు, వంపు 44 డయాప్టర్లు (పవరు కొలమానం) అనుకోండి. 118.4 నుంచి 57.5, 39.6 తీసేస్తే 21.3. దగ్గరున్నది 21.5 పెడతారు. పొడవులో ఒక మిల్లీమీటరు తప్పితే రెండున్నర డయాప్టర్లు తప్పినట్టే. శిబిరం రద్దీలో కంటి పొడవు కొలిచే ఎ-స్కాన్ ప్రోబు కార్నియా మీద నొక్కేస్తారు. కన్ను పొట్టిగా చూపిస్తుంది, పవరు ఎక్కువ వస్తుంది, రోగి దగ్గరిచూపు మనిషిగా మిగిలిపోతాడు. మూడు కొలతలు 0.1 మిల్లీమీటరు తేడాలోపు రాకపోతే మళ్లీ తీయాలి. రెండు కళ్ల మధ్య 0.3 కన్నా తేడా వస్తే ఇంకొకరితో కొలిపించాలి. చాలా పొట్టి, చాలా పొడవైన కళ్లకు ఈ సూత్రం చాలదు, కొత్తవి వాడాలి.

విశాఖ_అలలు
మన వైపు ప్రభావం ఏమైనా ఉందా?

పాతకాగితాలు
నేరుగా ఉన్నది తిరుపతిలోని అరవింద్ ఆసుపత్రి. 1994లో మొదలైన ప్రపంచ బ్యాంకు శుక్లాల ప్రాజెక్టు ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, లెన్సు ఆపరేషన్ జిల్లాలకు చేరడంలో దానికి పాత్ర ఉంది. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ సంస్థ 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు వేరే దారిలో కట్టినది. అక్కడ పరిశోధన, కార్నియా మార్పిడి మొదటి నుంచీ ముందున్నాయి, పల్లెల్లోకి అంచెలంచెలుగా దిగే పిరమిడ్ పద్ధతి. ఒకదాన్ని ఇంకోదానికి నకలు అనడం రెండిటికీ అన్యాయం.

పల్లెబాట
శిబిరాల గురించి అందరూ గొప్పగా రాస్తున్నారు, వాటి పరిమితి కూడా రాయాలి. 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో, దక్షిణ తమిళనాడు పల్లెల్లో కంటి సమస్య ఉన్నవారిలో శిబిరానికి వచ్చింది సుమారు 7 శాతమే. ఉచితమైనా రారు. వెంట ఎవరు వస్తారు, ఆ రోజు కూలి పోతుంది కదా, వయసైపోయింది ఇంకెందుకు, ఉన్న చూపూ పోతుందేమో, ఇవీ కారణాలు. రోగి భయం పోవాలంటే అదే ఊళ్లో చేయించుకున్న మనిషి మాట పనిచేస్తుంది, కరపత్రం పనిచేయదు. అందుకే 2004 నుంచి విజన్ సెంటర్లు పెట్టారు. ఒకరిద్దరు శిక్షణ పొందిన అమ్మాయిలు, కన్నును పెద్దదిగా చూసే స్లిట్‌ల్యాంప్, ఫోటో, మదురైలోని డాక్టరుతో వీడియోలో మాట. అక్కడికక్కడే అద్దాలు. ఇప్పుడు వందకు పైగా ఉన్నాయి. శిబిరం ఏడాదికోసారి వస్తుంది, సెంటర్ రోజూ తెరిచి ఉంటుంది. మధుమేహం, నీటికాసులు ఉన్నవాడికి కావాల్సింది రెండోది.

పుస్తకాల_పురుగు
అందరికీ ధన్యవాదాలు. ఒక్క చివరి ప్రశ్న. మా ప్రాంతంలో స్వచ్ఛంద సంస్థ ఏదైనా శిబిరం పెట్టాలనుకుంటే ఈ పద్ధతిలోంచి ముందు తీసుకోవాల్సింది ఏమిటి?

పల్లెబాట
వేదిక, శాలువాలు వదిలేయండి. ఆపరేషన్ చేసే ఆసుపత్రితో ముందే మూడు విషయాలు రాతలో తేల్చుకోండి: అదే రోజు బస్సులో ఎంతమందిని తీసుకెళ్తారు, తిరిగి ఎవరు దింపుతారు, ఆపరేషన్ తర్వాత నాలుగో వారం పరీక్ష అదే ఊళ్లో ఎప్పుడు. ‘వచ్చే వారం వస్తాం’ అని ఇంటికి వెళ్లినవాళ్లలో చాలామంది మళ్లీ కనబడరు. స్థలంలో 6 మీటర్ల దూరం దొరికే నీడ గది చూపు పరీక్షకు, చీకటి చేసుకోగల ఇంకో గది లోపలి పరీక్షకు కావాలి. బీపీ, షుగర్ అక్కడే చూడాలి. కంటి మూల దగ్గరుండే నీటి సంచి వేలితో నొక్కి చూడాలి, చీము వస్తే ముందు దానికి వైద్యం, ఆపరేషన్ తర్వాత. ఏ కన్నో చీటీ మీద అక్షరాల్లో రాయాలి, ‘కుడి’ లేదా ‘ఎడమ’ అని పూర్తిగా.

చూపుగుడ్డు_ఆప్టో
ఆ నాలుగో వారం పరీక్షలో కళ్లద్దాల నంబరు కూడా తీయించండి. చాలా శిబిరాల్లో ఎగ్గొట్టేది అదే. కుట్లు లేని ఆపరేషన్ తర్వాత కూడా కొంత సిలిండర్ పవరు మిగులుతుంది, లెన్సు దూరానికి పెట్టినది కాబట్టి దగ్గరి పనికి అద్దాలు తప్పవు. చూపు అద్దాలు లేకుండా ఎంత, అద్దాలతో ఎంత, రెండూ రిజిస్టర్‌లో వేరువేరు గడుల్లో రాయండి. అద్దాలతో కూడా 6/60కి (60 మీటర్ల నుంచి కనబడాల్సింది 6 మీటర్ల నుంచే కనబడే చూపు) తక్కువ ఉన్నవాళ్లను విడిగా పట్టుకుని అదే బస్సులో ఆసుపత్రికి పంపండి.